పండుగ పళ్లెములో ఎవరి వంతు?

డిసెంబరు నెల వచ్చినదనగా మన గ్రామములలో రెండు వాసనలు బయలుదేరును. ఒకటి గోడలకు వేసిన క్రొత్త సున్నపు వాసన. రెండవది పొయ్యిమీది పాకపు వాసన. గుడి గోడ తెల్లబడును, ఇంటి డబ్బా నిండును. అరిసెలు, కజ్జికాయలు, గులాబీ పువ్వులు మన తల్లుల కాలమునుండి వచ్చినవి. ఇటీవల వాటి ప్రక్కన చాక్లెట్ బిళ్లలు కూడ చోటు సంపాదించుకొన్నవి. పిల్లలు మొదట చేయి చాపునది వాటికొరకే.

ప్రియ చదువరులారా, ఈ నెల నేను మీ యెదుట పెట్టదలచిన ప్రశ్న ఈ బిళ్లను గూర్చినదే. మన చేతిలో పెట్టబడిన తీపి ఎవరిది? కొన్నవానిదా, వండినవానిదా, పండించినవానిదా? కొన్నవానిదే యనినయెడల తక్కినవారికి మనము ఇంకేమియు అచ్చియుండలేదా? ఇది పిల్లల ప్రశ్నవలె కనబడును. నేనును అట్లే అనుకొంటిని. నాలుగేండ్ల క్రిందట మా వంటయింటిలోనే ఈ ప్రశ్న నన్ను పట్టుకొన్నది, నేటివరకు విడువలేదు.

మా కాపురము విశాఖపట్నములో గాజువాక వైపున. ఉద్యోగము చేసినన్నాళ్లు ఓడరేవులో దిగు మూటలకును ఎక్కు మూటలకును లెక్క వ్రాయుట నా పని. 1933లో తెరువబడిన ఆ రేవులో ఎన్ని తరముల కూలీల వీపులు వంగినవో దేవునికి తెలియును. నేను లెక్కించినవి మూటలే గాని వీపులు కావు. ఈ మాట ఇక్కడ చెప్పుటకు కారణమున్నది. లెక్క వ్రాయు అలవాటు ఇంటికి కూడ వచ్చినది. ప్రతి క్రిస్మసుకు ఎవరెవరి యింటికి తీపి పళ్లెము పంపవలయునో ఒక కాగితముమీద వ్రాసెడివాడను. పాస్టరుగారు, సంఘపెద్దలు, వైద్యుడు, నాతోటి ఉద్యోగులు, ఇరుగుపొరుగువారు, ఇట్లు ఇరువదినాలుగు ఇండ్లు. నిరుడు ఎవరు పంపిరో చూచి ఈ యేడు ఎవరికి పంపవలయునో నిర్ణయించుకొనెడివాడను. ఒక్క పళ్లెము కూడ తప్పిపోలేదని నాకు గర్వము.

మా యింటి చాక్లెట్ బిళ్లల పద్ధతి కష్టమైనది కాదు. ఒక గ్లాసు పంచదారకు అర గ్లాసు నీళ్లు పోసి తీగపాకము పట్టవలయును. రెండు గ్లాసుల పాలపొడిలో మూడు చెంచాల కోకో పొడి కలిపి ఉండలు లేకుండ జల్లించుకొనవలయును. పాకము కుదిరినంతనే నూరు గ్రాముల వెన్న వేసి, బాణలి దింపి, జల్లించిన పొడిని కొంచెము కొంచెముగా చల్లుచు ఆపకుండ కలుపవలయును. గట్టిపడుచుండగా నెయ్యి రాసిన పళ్లెములో పోసి, గోరువెచ్చగా ఉన్నప్పుడే కత్తితో గీతలు పెట్టవలయును. పాకము లేతయైన బిళ్ల చేతికి అంటుకొనును; ముదిరిన రాయియగును. రహస్యమంతయు పాకములోను, కలిపెడి చేతిలోను ఉన్నది.

ఆ యేడు నా భార్యకు మణికట్టు నొప్పిగా ఉండెను. ఇరువదినాలుగు ఇండ్లకు సరిపడవలెనని నాలుగు విడతలుగా వండవలసి వచ్చినది. మా యింట పనిచేయు ఆమె ఆ దినమున తన పని ముగిసిన తరువాత కూడ నిలిచి, మూడు గంటలసేపు అట్లకాడ త్రిప్పినది. ఆమెది చోడవరము దగ్గరి పల్లె. చలికాలము వచ్చినదనగా ఆమె భర్త బెల్లపు గానుగల పనికి పోవును. చెరకు రసము పెద్ద పెనములో మరుగుచుండగా, ఎండిన పిప్పిని పొయ్యిలోనికి ఎగద్రోయుట అతని పని. ఆ మంట యెదుట రాత్రిళ్లు నిలిచిన అతని ముంజేతులమీద వెండ్రుకలు ఉండవని ఆమె ఒకసారి నవ్వుచు చెప్పినది. అనకాపల్లి బెల్లము దేశమంతట పేరుపొందినది గదా! ఆ పేరు వెనుక అట్టి చేతులెన్నో ఉన్నవి.

ఆమె కూతురు, పదేండ్ల పిల్ల, బడికి సెలవులగుటచేత తల్లి వెంట వచ్చి పెరటి గుమ్మములో కూర్చుండెను. ఆ సాయంకాలమే నా భార్య అన్నగారు ఏలూరు జిల్లానుండి పండుగకు వచ్చిరి. ఆయన రైతు. కొబ్బరితోటలో అంతరపంటగా కోకో చెట్లు వేసి పండ్రెండేండ్లయినది. నేడు భారతదేశములో కోకో ఎక్కువగా పండునది మన ఆంధ్రప్రదేశములోనే. అందులోను గోదావరి జిల్లాల కొబ్బరి, పామాయిలు తోటల నీడలోనే. ఆయన మాకు చూపుటకై ఒక గుడ్డసంచిలో ఎండిన గింజలు తెచ్చిరి.

"కాయ కొమ్మకే గాదు బావగారూ, మొద్దుకు కూడా కాస్తుంది" అని ఆయన చెప్పుచుండిరి. కాయ పగులగొట్టిన తెల్లని గుజ్జులో ముప్పది, నలువది గింజలుండును. వాటిని కుప్పపోసి, కప్పి, నడుమ తిరుగవేయుచు ఐదారు దినములు పులియబెట్టవలయును. లేనియెడల చాక్లెట్ రుచి పుట్టదు. తరువాత ఎండబెట్టి బస్తాలకు ఎత్తుదురు. ఒక కిలో ఎండు గింజలకు ఇరువదికి పైగా కాయలు కావలయును.

నా భార్య అప్పుడే గీతలు పెట్టిన బిళ్ల ఒకటి తీసి అన్న చేతిలో పెట్టినది. ఆయన దానిని వెలుతురులోనికి పట్టుకొని చూచిరి. "చెల్లాయ్, మా గింజ అయ్యేది ఇదేనా?" అని అడిగిరి.

"అన్నయ్యా, పండ్రెండేండ్లనుంచి పండిస్తున్నావు, ఎప్పుడూ తినలేదా?"

"పిల్లలకి కొనిపెట్టాను గాని నేను నోట పెట్టలేదమ్మా. గింజ అమ్మేవరకే నాది. ఆపైన అది ఎక్కడికి పోతుందో, ఏమవుతుందో నాకేం తెలుసు?"

ఆయన బిళ్లను రెండుగా విరిచి, సగము నోట వేసికొని, మిగిలిన సగము పెరటి గుమ్మములోని పిల్లకు ఇచ్చిరి. ఆ పిల్ల అప్పటికే ఖాళీ బాణలి ముందు పెట్టుకొని చెంచాతో అడుగు గోకుకొనుచుండెను. అది చూచి నా భార్య నావైపు తిరిగి మెల్లగా, "ఏమండీ, ఆ కాగితంలో వీళ్ల ఇల్లు ఉందా?" అని అడిగినది.

కాగితము నా చేతిలోనే ఉన్నది. ఇరువదినాలుగు ఇండ్లు. అందులో ఆ యిల్లు లేదు. నా నోట వచ్చిన మొదటి మాట ఇది: "జీతం ఇస్తున్నాం గదా. పండుగకి చీర కూడా పెట్టాం."

ప్రియులారా, నేను చెప్పినది అబద్ధము కాదు. జీతము ఇచ్చితిమి; చీర పెట్టితిమి. అయినను ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నిజమైన మాట చెప్పియు మనుష్యుడు తప్పించుకొనజూచిన సమయములు కొన్ని ఉండును. నాది అట్టిదేనని నాకు తోచినది. ఆనాటినుండి ఈ తీపి కథను కొంత వెదకి చదివితిని. చదివినది మీకును చెప్పెదను. ఏలయనగా ఆ కథ మన విశాఖపట్నమునకును, మన చేతులలోని తెలుగు బైబిలునకును, మన పూర్వులకును దూరమైనది కాదు.

1805వ సంవత్సరమున లండను మిషనువారైన జార్జి క్రాన్, అగస్టస్ డె గ్రాంజి అను ఇద్దరు విశాఖపట్నమునకు వచ్చిరి. ఆనందరాయరు అను తెలుగు బ్రాహ్మణ విశ్వాసి సహాయముతో ఇక్కడనే సువార్తలను తెలుగులోనికి త్రిప్పిరి. వారిద్దరును మన నేలమీదనే కొద్దియేండ్లకు కన్నుమూసిరి. వారి తర్జుమా 1812లో బెంగాలు దేశములోని శ్రీరామపురమున అచ్చయినది. ఆ అచ్చుకూటము విలియం కేరీగారిది. కేరీగారు ఇండియాకు రాకముందు, 1792లో, సువార్తపనిని గూర్చి ఒక చిన్న గ్రంథము వ్రాసిరి. అందులో చక్కెరమాట కూడ ఉన్నది. ఎందుచేతననగా, ఆ దినములలో వెస్టిండీసు దీవులనుండి ఇంగ్లండునకు వచ్చు చక్కెర అంతయు ఆఫ్రికానుండి బంధించి తేబడిన బానిసల చేతిపని. 1791లో బానిస వర్తకమును మాన్పవలెనను ప్రతిపాదన పార్లమెంటులో ఓడిపోగా, "చట్టము చేయని పనిని మేము మా బల్లయొద్ద చేసెదము" అన్నట్లు అనేక కుటుంబములు ఆ చక్కెరను విడిచిపెట్టిరి. అట్టివారు మూడు లక్షలమంది యుందురని క్లార్క్‌సన్‌గారు అంచనా వేసిరి. చక్కెర మానుటచేత మిగిలిన సొమ్మును సువార్తకొరకు ఇచ్చిన ఎంత మేలని కేరీగారు సూచించిరి. మొదటి తెలుగు సువార్తలు అచ్చువేసినవారు ఒక చెంచా చక్కెరలో మనస్సాక్షి ప్రశ్నను చూచినవారే.

తరువాత బానిసత్వము చట్టముచేత రద్దయినది. గాని చెరకు తనంతట తాను నరకబడదు గదా! ఆ కొడవలి ఎవరి చేతికి వచ్చినది? మన చేతికి. మారిషస్సునకును, 1860నుండి దక్షిణాఫ్రికాలోని నేటాలునకును ఒప్పందపు కూలీలుగా ఓడలెక్కినవారిలో విశాఖపట్నము జిల్లావారును గంజాము జిల్లావారును అనేకులు. 1911వరకు ఒక్క నేటాలునకే ఇండియానుండి లక్షన్నరమందికి పైగా పోయిరి. వారిలో చాలమంది చెరకు తోటలలోనే చెమటోడ్చిరి. 1903లో నెల్లూరు ప్రాంతపు తెలుగు బాప్తిస్టు సంఘములు జాన్ రంగయ్యగారిని ఆ కూలీలయొద్దకు మిషనరీగా పంపినవి. అనగా చక్కెర కథలో మన పూర్వులు తిన్నవారి వరుసలోకంటె నరికినవారి వరుసలో ఎక్కువగా ఉండిరి. వారి మనుమలమైన మనము నేడు తినువారి వరుసలోనికి వచ్చితిమి. వరుస మారినవాడు పాత వరుసను మరచుట అతి సులభము.

ఇక చాక్లెట్ కథ. ఇంగ్లండులో కాడ్‌బరీ కుటుంబమువారు క్వేకర్లు; దైవభక్తి గలవారు. పనివారికి మంచి ఇండ్లు, తోటలు, ఆటస్థలములు గల ఊరు కట్టించినవారు, బానిసత్వమును ద్వేషించినవారు. 1901లో వారి కుటుంబపు విలియం కాడ్‌బరీగారికి ఒక సంగతి తెలిసినది. వారు కొనుచున్న కోకోలో పెద్ద భాగము పోర్చుగీసువారి సావో తోమే అను దీవినుండి వచ్చుచుండెను. అపొస్తలుడైన తోమా పేరు పెట్టబడిన దీవి అది! అక్కడి ఒక తోట అమ్మకమునకు రాగా, ఆస్తి పట్టికలో పశువులతోపాటు కూలీలకు కూడ వెల కట్టియుండెను. అంగోలానుండి ఐదేండ్ల ఒప్పందమని చెప్పి తెచ్చిన ఆ కూలీలలో తిరిగి ఇల్లు చేరినవారు దాదాపు లేరు.

తెలిసినది 1901లో. వారు విచారించిరి, పోర్చుగీసు ప్రభుత్వముతో మాటలాడిరి, 1905లో సంగతి పరిశీలించుటకు ఒక మనుష్యుని పంపిరి. ఈలోగా నెవిన్సన్ అను పత్రికారచయిత అంగోలాకు పోయి, చూచినదంతయు 1906లో పుస్తకముగా ప్రకటించెను. 1908లో విలియం కాడ్‌బరీగారు తామే ఆఫ్రికాకు బయలుదేరి పోయిరి. చివరకు 1909 మార్చిలో ఆ దీవి కోకో ఇక కొనమని ప్రకటించిరి. ఎనిమిది యేండ్లు! ఆ యేండ్లన్నియు కొనుగోలు సాగుచునే యుండెను. ఒక వార్తాపత్రిక వారిని వేషధారులని నిందింపగా వారు పరువునష్టపు దావా వేసిరి. 1909 డిసెంబరులో జ్యూరీ వారి పక్షముననే తీర్పు చెప్పినది. గాని నష్టపరిహారముగా ఇప్పించినది ఒక్క ఫార్దింగు, అనగా పెన్నీలో నాలుగవ వంతు.

ఈ ఫార్దింగును గూర్చి నేను చాల ఆలోచించితిని. ఆ కుటుంబమువారిని దుష్టులని తీర్పు తీర్చుటకు నేనెంతటివాడను? మెల్లగా నడిచినను, ఇతరులు కన్నులు మూసికొన్నచోట వారు నడిచిరి. వారు నెమ్మదిగా ఒప్పించినయెడల కూలీలకు మేలు కలుగునని నమ్మిరి. అయినను ఆ చిల్లర నాణెము వెనుక ఒక ప్రశ్న నిలిచియున్నది: మంచివాడు తెలిసికొన్న తరువాత ఎంతకాలము ఆలస్యము చేయవచ్చును? తెలియకముందు చేసినది ఒక సంగతి. తెలిసిన మరునాటినుండి అదే పని వేరొక సంగతి యగుచున్నది. మేలు చేయ నెరిగియు చేయనివానికి అది పాపమని యాకోబు వ్రాయలేదా (యాకోబు 4:17)? నా కాగితమునకును ఇదే వర్తించును. ఇరువదియేండ్లు ఆ కాగితము నాకు తప్పుగా కనబడలేదు. ఆ సాయంకాలము తరువాత తప్పుగా కనబడకపోవుటకు వీలులేదు.

కథ 1909తో ముగిసినదని తలంపకుడి. నేడు లోకములోని కోకోలో అధికభాగము పశ్చిమ ఆఫ్రికాలోని ఐవరీకోస్టు, ఘానా దేశములనుండి వచ్చుచున్నది. ఆ రెండు దేశముల కోకో తోటలలో సుమారు 15 లక్షల 60 వేలమంది పిల్లలు వయస్సుకు తగని పనిలో ఉన్నారని షికాగో విశ్వవిద్యాలయమువారి పరిశీలన 2020లో చెప్పెను. మనవారి సంగతియు చూడుడి. 2024 చివర ప్రపంచ విపణిలో కోకో ధర టన్నుకు 12,000 డాలర్లు దాటెను. మరుసటి యేడు ధర పడిపోగా, మన గోదావరి జిల్లాల రైతులు గిట్టుబాటు ధరకొరకు రోడ్డు ఎక్కవలసివచ్చెను. మా బావగారును వారిలో ఒకరు.

ఇక్కడ మూడు ఆక్షేపణలు వచ్చును. మూడును నా మనస్సులో వచ్చినవే గనుక వాటిని తేలికగా త్రోసివేయను.

మొదటిది: "కూలి ఇచ్చితిమి, ఋణము తీరినది." కూలి ఇచ్చుట మొదటి ధర్మము, అది తప్పినచోట తక్కిన దానధర్మములన్నియు వట్టివే. ప్రొద్దు గ్రుంకకమునుపు కూలి ఇయ్యవలెనని ధర్మశాస్త్రము కోరెను (ద్వితీయోపదేశకాండము 24:15). అయితే ఆ గ్రంథమే తరువాతి అధ్యాయములో మరియొక చిన్న ఆజ్ఞ చెప్పుచున్నది: కళ్లములో నూర్చుచున్న ఎద్దు మూతికి చిక్కము కట్టరాదు (25:4). మీలో సేద్యము చేయువారికి దీని భావము నేను చెప్పవలసిన పనిలేదు. ఎద్దుకు ఇంటియొద్ద మేత ఉన్నది, కుడితి ఉన్నది. అయినను తాను త్రొక్కుచున్న ధాన్యములో ఒక నోరు అందుకొనుటకు దానికి హక్కున్నది. మేత వేరు, ఈ నోటిముద్ద వేరు. మేత పనికి బదులు. నోటిముద్ద పని ఫలములో వంతు. పనిచేసినవానికి కూలి ఇచ్చి ఫలములో వంతు ఇయ్యనప్పుడు మనము కనబడని చిక్కమొకటి కట్టుచున్నాము. మా వంటయింటిలో మూడు గంటలు అట్లకాడ త్రిప్పిన ఆమె మూతికి నేను కట్టినది అదే. ఆమె బిడ్డకు మిగిలినది బాణలి అడుగు.

రెండవది: "ఎక్కడి ఘానా, ఎక్కడి గాజువాక? నేనొకడను తినకపోయిన ఎవరికి లాభము?" ఇందులో కొంత న్యాయమున్నది. మనకు అందని చేతులనుగూర్చి గొప్పగా నిట్టూర్చుచు, అందెడి చేతులను మరచుట కూడ ఒక వేషధారణమే. గనుక అందినంతలో మొదలుపెట్టవలయును. మన యూరిలోనే గానుగ యున్నది, కోతపని యున్నది, పాత్రలు తోము చేయి యున్నది. మన సంఘములో ఒకడు గానుగ యజమానియై, మరియొకడు ఆ పొయ్యియొద్ద పనివాడై, ఇద్దరును ఒకే బల్లయొద్ద ప్రభువు రొట్టెను తీసికొనుచున్నారు. వారిద్దరి నడుమ లెక్క న్యాయముగా ఉన్నదా యని అడుగుటకు ఆఫ్రికా వరకు పోనక్కరలేదు. దగ్గరి చిక్కము విప్పినవాడు దూరపు చిక్కమును కూడ గురుతుపట్టగలడు. ఇంగ్లండులో చక్కెర మానిన గృహిణులు ఒక్కొక్కరే మానిరి. వారి బల్లలవలననే బానిసత్వము పోయెనని చెప్పలేము గాని, వారు మౌనముగా తినుచుండినయెడల ఆ మాట పార్లమెంటులో అంత త్వరగా మరల లేచి యుండునా?

మూడవది, నాకు ఎక్కువ బాధ కలిగించినది: "ఇట్లు ప్రతి ముద్దలోను కన్నీళ్లు వెదకినయెడల పండుగ ఎట్లు చేసికొందుము? పిల్లల నోటిలోని తీపిని చేదు చేయుదుమా?" కూడదు. నెహెమ్యా గ్రంథము 8వ అధ్యాయము చదువుడి. ప్రజలు ధర్మశాస్త్రము విని, తమ తప్పు తెలిసికొని యేడ్చుచుండిరి. అప్పుడు పెద్దలు వారితో ఏమనిరి? తీపి మానుడని అనలేదు. ఏడ్పు మానుడని అనిరి. పోయి క్రొవ్వినది తినుడి, తీయనిది త్రాగుడి, మరియు తమకొరకు ఏమియు సిద్ధపరచుకొనని వారికి వంతులు పంపుడి అను భావము గల ఆజ్ఞ ఇచ్చిరి (8:10). ఈ మూడు మాటలు ఒకే ఊపిరిలో వచ్చినవి. తినుట పాపము కాదు. వంతు పంపక తినుట పండుగ కాదు. గమనింపుడి, అక్కడ పంపుమన్నది మిగిలినది కాదు, వంతు. మిగిలినది దయచేత ఇత్తుము. వంతు హక్కుచేత చెందును.

మరుసటి యేడు క్రిస్మసుకు మేమేమి చేసితిమో చెప్పెదను. చెప్పుట గొప్పకొరకు కాదు. దానిలో నేను నేర్చుకొన్నది వేరొకటి యున్నది. ముందుగా జీతము లెక్క చూచుకొంటిమి. మూడేండ్లనుండి బియ్యము, నూనెల ధరలు పెరిగినను ఆమె జీతము పెరుగలేదని అప్పుడు తెలిసినది. లెక్కలు వ్రాయుటలో జీవితమంతయు గడపినవాడను, ఈ లెక్క ఏల చూడలేదు? దానిని సరిచేసితిమి. వంటకు సహాయము చేసిన గంటలకు వేరుగా కూలి ఇచ్చితిమి. పూర్ణా మార్కెట్టునుండి తెచ్చిన సరకులతో వండిన బిళ్లలు మొదట ఆమె యింటికి పళ్లెములో సర్ది, నేనును నా భార్యయు స్వయముగా తీసికొనిపోతిమి. తిరిగి ఏమియు పంపలేనివారిని విందుకు పిలువుమని ప్రభువు చెప్పెను గదా (లూకా 14:12-14), ఆ మాట నెరవేర్చితిమని నాలో నేను సంతోషించితిని.

మూడు దినములైన తరువాత ఆ పిల్ల మా పళ్లెము తిరిగి తెచ్చినది. అది ఖాళీగా లేదు. అందులో ఆకుమీద అరచేతి మందమున క్రొత్త బెల్లపు ముక్క యున్నది. "మా నాన్న గానుగకాడనుంచి తెచ్చాడండి. మా అమ్మ పట్టుకెళ్లమంది" అని చెప్పి, గుమ్మములో నిలువక పరుగెత్తినది.

నేను సిగ్గుపడితిని. తిరిగిరాని పళ్లెమని నేను లెక్క వ్రాసికొన్నది తిరిగివచ్చినది. ఆ బెల్లమునకై పొయ్యి ముందు నిలిచినవాని ముంజేతులు నాకు జ్ఞాపకము వచ్చినవి. ఇరువదియేండ్లుగా ఆ తీపిని తినుచుంటిని గాని, దానిని వండినవాని చేతినుండి ఎన్నడైన పుచ్చుకొంటినా? నేను ఇచ్చువాడననియు వారు పుచ్చుకొనువారనియు తలంచితిని. వాస్తవమేమనగా మొదటినుండి వారు ఇచ్చుచుండిరి, నేను పుచ్చుకొనుచుంటిని. ఆ సంగతి ఎరుగకుంటిని. వంతు పంపినవాడు దాత కాడు; బాకీ కొంత తీర్చినవాడు. దీనిని గ్రహించినవాడు ఇచ్చునప్పుడు తల ఎత్తుకొనడు. పుచ్చుకొనువాని తల వంపడు.

దావీదునకు ఒకప్పుడు బేత్లెహేము గవినియొద్దనున్న బావినీళ్లమీద ఆశ పుట్టినది. ముగ్గురు శూరులు శత్రువుల దండులోనుండి దూసుకొనిపోయి, ఆ నీళ్లు చేది తెచ్చిరి. దావీదు ఆ పాత్రను చూచెను. దానిని తెచ్చినవారిని చూచెను. ప్రాణమునకు తెగించి పోయినవారి రక్తము తాను త్రాగుదునా యని, త్రాగక, ఆ నీళ్లను యెహోవా సన్నిధిని పారబోసెను (2 సమూయేలు 23:15-17). ఆ నీళ్లు ఏ పాపమును ఎరుగవు. దాహమును పాపము కాదు. అయినను దావీదునకు ఆ పాత్రలో నీళ్లు మాత్రమే కనబడలేదు; మనుష్యులు కనబడిరి. రాజైనవానికి ఈ చూపు కలుగుట ఎంత అరుదు! మన కండ్లు నీళ్లను చూచును, తెచ్చినవారిని చూడవు.

మనము క్రిస్మసు దినమున తలంచుకొను ఊరు ఆ బేత్లెహేమే. రాజు తన దాహముకంటె తన మనుష్యుల ప్రాణమును గొప్పగా ఎంచిన బావి అక్కడిదే. సత్రములో స్థలము లేనివారికి రక్షకుడు పుట్టినదియు అక్కడనే. అట్టి ఊరి పేరిట పండుగ చేయు మనము, తీపి పంచు పట్టికలో స్థలము లేనివారిని గూర్చి ఒక్కసారి ఆలోచింపకుండవచ్చునా?

కాబట్టి తల్లులారా, పాకము పట్టుడి, బిళ్లలు చేయుడి, పిల్లలను ఆనందింపనీయుడి. పెద్దలారా, పళ్లెములు పంపకముందు కాగితమును మరల చూడుడి. కూలి బాకీ యున్నచోట మొదట కూలి తీర్చుడి. బాకీని పళ్లెముతో కప్పకుడి. పిమ్మట మీ యింటి తీపిలో ఎవరి చెమట కలిసియున్నదో వారి వంతు ముందుగా తీసి పెట్టుడి. మిగిలిన ఇరువదినాలుగు ఇండ్లకు తరువాత పంపవచ్చును; అవి నొచ్చుకొనవు.

మా బావగారు ఇప్పుడు ప్రతి డిసెంబరులోను ఒక గుడ్డసంచి నిండ గింజలు తెచ్చుచున్నారు. వాటిని మా పెరటిలో వేయించి, పొట్టు తీసి, రోటిలో నూరి, బెల్లముతో కలిపి పిల్లలచేత ముద్దలు చేయించుచున్నారు. ఆ ముద్దలు బజారు చాక్లెట్టువలె నున్నగా ఉండవు. కొంచెము గరుకు, కొంచెము చేదు. ఆ పిల్ల మొదట ఒకటి నోట వేసికొని ముఖము చిట్లించినది. తరువాత రెండవదానికి చేయి చాపినది. దాని ప్రక్కనే కూర్చుండి మా బావగారును తిన్నారు. ఆ గింజ ఎక్కడికి పోవుచున్నదో ఈసారి ఆయనకు తెలియును.